ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్రిస్మస్ తాతకు పాదపూజ

"ఉత్తర ధ్రువంలో బయల్దేరిన క్రిస్మస్ తాత ఈసారి మధ్యలో ఎక్కడా హాల్ట్ లేకుండా నేరుగా మన ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌కే వస్తున్నాడు. ఇది నా హామీ!"

మైకులో ఈ చారిత్రక ప్రకటన చేసినవారు మా వార్డు ఆశాకిరణం, కాబోయే కౌన్సిలర్ ఫణీంద్ర గారు. 'కాబోయే' అన్నది చాలా ఏళ్ళుగా ఆయన పేరుకు ముందుండి ఇంటిపేరులా స్థిరపడిపోయింది. మేం చప్పట్లు కొట్టాం. ధ్రువాల దాకా పలుకుబడి ఉన్న నాయకుడు మన పక్క లైన్లోనే కాపురం ఉంటే ఎవరికి మాత్రం ఒళ్ళు పులకరించదు?

పోలమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. చేతిలో ఖాళీ బిందె ఉంది మరి.

"బాబూ, తాత సంగతి సరే. మా లైన్ల కుళాయి మాటేటి? దుర్గాపూజ కాడ ఆగిపోనాది, సుక్క నేదు. ఝపటాపూర్ నుంచి నీళ్ళు మొయ్యలేక నా నడుం పడిపోతంది."

ఫణీంద్ర గారు ఫ్లెక్సీలో నవ్వినట్టే నవ్వారు. "అత్తా, కోరికలు తీర్చడం తాత డిపార్ట్‌మెంటు. ఆయన్నే అడుగు. పక్కాగా తీరుస్తాడు."

ఒక్క మాటతో కుళాయిని ధ్రువ ప్రాంతానికి బదిలీ చేసేశారు! ఆ పరిపాలనా దక్షతకు నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

తాత వేషం ఎవరు వెయ్యాలన్న చర్చే రాలేదు. ఫణీంద్ర గారుండగా ఇంకొకరెందుకు? చర్చంతా గడ్డం గురించే.

"గడ్డం అడ్డమొస్తే ఇచ్చింది నేనని ఎవడికి తెలుస్తాది? కిందికి దించండెహె!" అన్నారాయన. దాంతో దూది గడ్డం ఎలాస్టిక్ మీద మెడ కిందికి దిగి మఫ్లర్‌లా వేలాడింది.

ఆయనకు చిన్నప్పుడు ఎక్కాలు నేర్పిన ఎవాంజలిన్ టీచర్ ఉండబట్టలేకపోయారు. "ఒరే ఫణీంద్రా, ఇచ్చింది ఎవరో తెలీకుండా ఇచ్చేవాడేరా క్రిస్మస్ తాత. మొహం చూపించుకోడు."

"అందుకే టీచర్, ఇన్నేళ్ళయినా ఆయన ఒక్క ఎలక్షనూ గెలవనేదు."

 

ఇక మర్యాదల సంగతి. రైల్వే వర్క్‌షాపులో పనికని శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళం మేం. అమ్మవారి ఘటం గుమ్మానికొస్తే మోసేవాళ్ళ కాళ్ళకు పసుపు నీళ్ళు పోసి, కష్టం చెప్పుకుని, జవాబు విన్నాకే కదలనిస్తాం. తాత కూడా దేవుడి తరఫు మనిషే కాబట్టి అదే పద్ధతి జరగాలని పోలమ్మ తేల్చేసింది.

"కాళ్ళకి నీళ్ళొయ్యకండా నిలబెడితే పాపం కాదేటి? నీళ్ళే నేవు మరి!"

పాదపూజ ఫొటో అనేసరికి ఫణీంద్ర గారి కళ్ళు మెరిశాయి. దుర్గాపూజ నాటి నుంచి రాని నీళ్ళు పూట తిరక్కుండా వచ్చాయి. ట్యాంకరు నిండా నీళ్ళు, ట్యాంకరు చుట్టూ ఆయన ఫొటోలు.

క్రిస్మస్ ఉదయం వ్యాన్ రిక్షా మీద ఎర్రకోటు తాత, వెనక ట్యాంకరు, ముందు డప్పులు. ప్రతి గుమ్మంలోనూ ఒక చెంబు తాత కాళ్ళ మీదికి, మిగతాదంతా ఇంట్లోకి. బిందెలు, డ్రమ్ములు, చివరికి ప్రెషర్ కుక్కర్లు కూడా నిండాయి. తాత ఇంటింటికీ రిబ్బను కట్టిన పెట్టె ఇచ్చాడు. పెట్టెలో ఫణీంద్ర గారి ఫొటో ఉన్న ప్లాస్టిక్ మగ్గు. నీళ్ళు రాని లైనుకు మగ్గులు పంచాలంటే ఎంత దూరదృష్టి కావాలి!

ఆఖరి గుమ్మం పోలమ్మది. గమ్‌బూట్లు పొంగేదాకా పసుపు నీళ్ళు పోసి, చేతులు జోడించింది.

"తాతా, మా కుళాయెప్పుడొస్తాది?"

డప్పులు ఆగిపోయాయి. అందరి ఫోన్లూ పైకి లేచాయి. తాత చెయ్యి మెల్లిగా మెడ దగ్గరికి వెళ్ళింది. గడ్డం పైకి లేచింది. చుబుకం మూసింది, నోరు మూసింది, కళ్ళ కిందికొచ్చి ఆగింది. దూదిలోంచి ఎన్నడూ వినని గొంతొకటి వచ్చింది.

"హోహో... అది మీ ఫణీంద్ర గారిని అడగాలి."

"ఆ బాబు నిన్నడగమన్నాడు."

"కాదు కాదు, ఆయన్నే అడగాలి."

పోలమ్మ లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. "ఠీక్ హై. అలాగైతే ఆ బాబొచ్చీదాకా ఇక్కడే కూకో తాతా. మీరూ మీరూ మాటాడుకుందురు గాని. జవాబు సెప్పకండా గుమ్మం దాటనిచ్చీ ఆచారం మాకు నేదు."

తాత కూర్చున్నాడు. కొత్త సంవత్సరం కూడా వచ్చేసింది, ఇంకా కూర్చునే ఉన్నాడు. వేళకు భోజనం పెడుతున్నారు, ఒక్క చెయ్యితో తింటున్నాడు. రెండో చెయ్యి గడ్డం మీదే ఉంటోంది. పూటపూటా కాళ్ళు కడగాలి కనక ట్యాంకరు తప్పకుండా వస్తోంది. పోలమ్మకు నడుంనొప్పి తగ్గింది.

ఫణీంద్ర గారి కోసం సుభాష్‌పల్లి దాకా వెతికించాం. పాఠకుల్లో ఎవరికైనా కనబడితే దయచేసి ఓల్డ్ సెటిల్‌మెంట్‌కి పంపండి. తాత కాళ్ళు నానిపోతున్నాయి.

అంత తొందరేం లేదని పోలమ్మ చెప్పమంది.