కాజా లేని కంచె

ఆ రోజు పొద్దున్నే దర్జీ మెడలో టేపు వేసుకుని, దుకాణానికి కాకుండా పెరట్లోకి నడిచాడు. సాయంత్రానికల్లా గుర్రానికి కంచె కట్టాలి. కట్టకపోతే పశువుల డాక్టరమ్మ వ్యాను తెచ్చి, ముసలి గుర్రాలను చూసుకునే చోటికి దాన్ని తీసుకుపోతుంది. పోయిన వారం అది ముళ్లతీగ దాటబోయి కాలు చీరుకుంది. కుట్లు వేసింది ఆమే. పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంటూనే దర్జీ, "కుట్టు ఇంకాస్త దగ్గరగా పడాలమ్మా" అన్నాడు. ఆ మాటకు ఒళ్లు మండే ఆమె ఈ గడువు పెట్టిందని అతని బావమరిది అభిప్రాయం.

నిజానికి గుర్రం దర్జీది కాదు, భార్యది. బండి లాగలేకపోతోందని ఎవరో వదిలేస్తుంటే జాలిపడి ఆవిడే తోలుకొచ్చింది. చలికాలంలో ఆవిడ పోయింది. ఇప్పుడు ఇదీ పోతే, పొద్దున్నే లేచి ఎవరి కోసం తలుపు తీయాలో దర్జీకి తెలియదు.

బావమరిది లారీ డ్రైవరు. పొట్టా గొంతూ రెండూ పెద్దవే. లారీలోంచి చెక్కలు దించి, "ఎలా కడదాం బావా?" అన్నాడు.

"ముందు ఆ ముళ్లతీగ పీకి పారెయ్. నిన్న గుంజలు పాతినట్టే మూలలు గుండ్రంగా తిప్పాలి, బెదిరితే మూలలో ఇరుక్కుంటుందట. చెక్కలు లోపలి వైపే కొట్టాలి, బయట కొడితే అది ఆనుకున్నప్పుడు ఊడిపోతాయట. తలా కాలూ దూరే సందు ఎక్కడా ఉండకూడదు."

"మరి ఎత్తో?"

దర్జీ ఇంటి ముందు కట్టేసిన గుర్రం దగ్గరికెళ్లి ఛాతీ, భుజం, మెడ కొలిచి, కాస్త వదులు కలుపుకుని వచ్చాడు.

గుంజలు నిన్ననే పాతారు. ఇద్దరూ లోపల నిలబడి ఒకే గుంజ దగ్గర మొదలుపెట్టి, ఒకరు కుడికీ ఒకరు ఎడమకీ చెక్కలు కొట్టుకుంటూ వెళ్లారు. మధ్యాహ్నం దాటాక ఎదురెదురుగా వచ్చి ఆఖరి చెక్క కలిపారు.

"బ్రహ్మాండం బావా! చీమ కూడా దూరదు."

"అవునోయ్. ఇంక గుర్రాన్ని తోలుకురా."

బావమరిది నాలుగడుగులు వేసి ఆగాడు. "ఎటునుంచి వెళ్లను? గేటు నీవైపు పెట్టలేదూ?"

"నీవైపు పెట్టావనుకున్నానే!"

దర్జీ చేతిలో సుత్తి జారింది. పెళ్లయిన నాటినుంచీ కత్తిరించడం, కుట్టడం అతని పని. గుండీలకు కాజాలు తీయడం ఆవిడ పని. కుట్టేసిన చొక్కా కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ ఒళ్లో పడేస్తే, అది ఎక్కడ తెరుచుకోవాలో ఆవిడే చూసుకునేది. ఇవాళ చెక్కలు కొడుతున్నంతసేపూ అతని చేతులకు అదే ధీమా. తెరిచే సంగతి తర్వాత ఆవిడ చూస్తుందిలే అని.

"ఒక చెక్క పీకేద్దాం బావా."

"పీకితే? డాక్టరమ్మ వచ్చేసరికి చిరిగిన కంచె చూపించాలా? ఎక్కి దిగు!"

మిషను తొక్కి తొక్కి దర్జీ మోకాళ్లు ఎప్పుడో రాజీనామా ఇచ్చాయి. బావమరిదే ఎక్కాడు. పై చెక్క మీదికి పొట్ట చేరింది గానీ, అటూ దిగలేడు, ఇటూ దిగలేడు. కాళ్లు చెరోవైపు వేసుకుని కూర్చున్నాడు.

అప్పుడు దర్జీ కన్ను గుంజల వెంట వరస కోసం లాగి కట్టిన తాడు మీద పడింది. "ఈ తాడెక్కడిదిరా?"

"గుర్రానిదే. నువ్వు పట్టుకుని ఉన్నావు కదా అని విప్పుకొచ్చా."

"నేను కొలతలు తీసి ఎప్పుడో వచ్చేశాను కదరా!"

సరిగ్గా అప్పుడే వ్యాను వచ్చి ఆగింది. డాక్టరమ్మ దిగి, లోపల ఉన్నవాణ్నీ పైన ఉన్నవాణ్నీ మార్చి మార్చి చూసింది.

"కంచె బాగుంది. గుర్రం ఏదీ?"

దర్జీ తాడు వైపు చూశాడు. ఆమె వెతుక్కుంటూ ఇంటి పక్కకు వెళ్లింది. కాసేపటికి, "ఒకసారి ఇటు రండి" అని పిలిచింది.

ఆ గొంతు విన్నాక కంచె చిరుగుతుందన్న సంగతే గుర్తుండలేదు. దర్జీ సుత్తి తీసుకుని దొరికిన చెక్క దొరికినట్టు పీకి, ఆ కంతలోంచి దూరి, కుంటుకుంటూ పరుగెత్తాడు.

గుర్రం కుట్టుగది కిటికీలోకి తల పెట్టి నిలబడి ఉంది. ఆవిడ రోజూ అక్కడే కూర్చుని ఒక కాజా కుట్టేది, ఒక కేరట్ ముక్క అందించేది. కుర్చీ అక్కడే ఉంది. గుర్రం దాని వీపును వాసన చూసి, ఆగి, మళ్లీ వాసన చూస్తోంది.

"ఆ రోజు తీగ దాటింది పారిపోవడానికి కాదన్నమాట" అంది డాక్టరమ్మ మెల్లగా.

దర్జీ దాని మెడ మీద తల ఆనించి, భార్య పోయిన రోజున కూడా ఏడవనంతగా ఏడ్చాడు.

"నేను ఖాళీ వ్యానే తీసుకెళ్తాను" అంది ఆమె. "కానీ గేటు ఈ కిటికీ వైపు పెట్టండి."

"బావా, ముందు నన్ను దించు!" అని కంచె మీంచి కేక వినపడింది.

చీకటి పడేలోపు గేటు పెట్టాడు దర్జీ. కాస్త వంకరగానే వచ్చింది. మొదటి కాజా ఎవరికైనా అలాగే వస్తుంది.