కుటుంబ సభ్యుడు లక్ష్మా

సోమవారం ఉదయం తొమ్మిది నలభైకి కురవి సమీపంలోని ఒక గ్రానైట్ కంపెనీ దవాఖానలో చాందీ అనే మహిళ దరఖాస్తు ఇచ్చింది. తన భర్త లక్ష్మాను మేనేజర్ శ్రీపాల్ గారి కుటుంబ సభ్యుడిగా నమోదు చేయాలని అందులో ఉంది.

లక్ష్మాది పక్క తండా. పదకొండేళ్లుగా ఆ కంపెనీ క్వారీలో రాయికి బెజ్జాలు వేస్తున్నాడు. కాంట్రాక్టు కార్మికుడు. నెల రోజులుగా దగ్గితే నెత్తురు పడుతోంది. కంపెనీ దవాఖానలో ఛాతీ ఎక్స్‌రే ఉచితం. అయితే అది పర్మినెంట్ ఉద్యోగులకు, వారి కుటుంబ సభ్యులకు. ఈ నిబంధన రాతి దుమ్ముకు తెలియదు. అది అందరి ఊపిరితిత్తుల్లోకీ వెళ్తోంది. ఎక్స్‌రేకు మానుకోట పోవాలంటే పని మానాలి. రెండు రోజులు మానితే కాంట్రాక్టర్ పేరు కొట్టేస్తాడు.

గుమాస్తా సదానందం దరఖాస్తు రెండుసార్లు చదివాడు.

"ఏందక్కా గిది? శ్రీపాల్ సారుకు మీ ఆయన ఏమైతడు?"

"నాకేమెరుక అన్నా. జెండా పండుగనాడు సారే చెప్పిండు. కాంట్రాక్టోళ్లు, పర్మినెంటోళ్లు అని లేదు, మీరందరు నా కుటుంబమే అన్నడు. లడ్డు గూడ ఇచ్చిండు."

"గది మైకుల మాట అక్కా."

"మైకుల మాట్లాడింది గా సారేనాయె."

సదానందం దరఖాస్తును పైకి పంపాడు.

కంపెనీ జాప్యం చేయలేదు. మంగళవారమే ముగ్గురితో కమిటీ వేసింది. అది జెండా పండుగనాటి ప్రసంగం వీడియోను నాలుగుసార్లు చూసి, ‘కుటుంబం’ అనే మాట తొమ్మిదిసార్లు వచ్చినట్లు నిర్ధారించింది. బంధుత్వం ఏమిటో తేలనిదే ఎక్స్‌రే తీయరాదని అభిప్రాయపడింది. కొడుకు అనుకుందామంటే లక్ష్మాకు నలభై ఆరేళ్లు, శ్రీపాల్ గారికి నలభై ఒకటి. ఈలోగా శ్రీపాల్ గారి అత్తగారు జనగామ నుంచి వచ్చి మోకాలికి ఎక్స్‌రే తీయించుకున్నారు. ఆమె బంధుత్వంపై వివాదం లేదు.

శుక్రవారం సర్క్యులర్ వెలువడింది. ఇకపై ప్రసంగాల్లో ‘కుటుంబం’ అనరాదు, ‘కుటుంబం వంటివారు’ అనాలి. కార్మికుల సౌకర్యార్థం దాన్ని లంబాడీలోకి కూడా మార్చి క్వారీ గేటుకు అంటించారు.

ఐదు వారాల తరువాత, ఆదివారం ఉదయం ఆరున్నరకు లక్ష్మా ఇంట్లో చనిపోయాడు. పదింటికి శ్రీపాల్ గారు దండతో తండాకు వచ్చారు.

"ఈ రోజు మా కుటుంబ సభ్యుణ్ని..." అని మొదలుపెట్టారు.

పక్కనున్న సదానందం దగ్గాడు.

"కుటుంబ సభ్యుని వంటివాణ్ని కోల్పోయాం" అని శ్రీపాల్ గారు సవరించుకున్నారు.