తేదీ అర్థం కాకపోతే ఈరోజే

ఆ పొద్దున పళ్ల డాక్టరు పెట్టుకున్న పథకం చాలా చిన్నది. ఒక పెద్దాయనకు దవడ పన్ను పీకడం, తర్వాత క్లినిక్కు తాళం వేసి ఇంటికెళ్లి కాళ్లు చాపుకుని కూర్చోవడం. ముందు గదిలో కంప్యూటరు దగ్గరున్న తమ్ముడి పథకం అంతకంటే పెద్దది. నెలపాటు వీడియోలు చూసి నేర్చుకున్న ప్రోగ్రామింగుతో అతను అపాయింట్‌మెంట్ల ప్రోగ్రాం ఒకటి రాశాడు. అది నిలబడితే ఆ కంప్యూటరు ముందు కుర్చీ అతనిది. లేకపోతే బావగారి రంగుల దుకాణంలో డబ్బాలు మొయ్యాలి. అక్క పెట్టిన షరతు అది. మీసాలొచ్చి ఏళ్లు గడిచినా ఇంకా బుజ్జి అనే పిలిపించుకుంటున్న మనిషికి ఆ డబ్బాలంటే మహా భయం.

ప్రోగ్రాంలో అతణ్ణి ఏడిపించినవి తేదీలే. పేషెంట్లు తమకు కావాల్సిన తేదీని ఫోన్లోంచి రాసి పంపుతారు. మొదట్లో అక్క పరీక్షగా జూన్ ముప్పై ఒకటో తేదీ కొడితే ప్రోగ్రాం కిక్కురుమనకుండా ఒప్పేసుకుంది. ఏ నెలకు ఎన్ని రోజులో దానికి నేర్పేసరికి బుజ్జికి తల ప్రాణం తోకకొచ్చింది. నేర్చుకున్నాక దానికి చాదస్తం పట్టుకుంది. చుక్కలు పెట్టి రాస్తే తప్పు, నెల పేరు అక్షరాల్లో రాస్తే తప్పు, తప్పన్నప్పుడల్లా ఆగిపోవడం. ఆగకుండా ఉంటే చాలు భగవంతుడా అనుకుని చివర్లో ఒక లైను చేర్చాడు: తేదీ అర్థం కాకపోతే ఈరోజు అనుకో. వారం రోజులుగా వచ్చిపడిన తేదీలన్నీ ఆ పొద్దున దానికి అందించాడు. అది ఎక్కడా ఆగకుండా అందరికీ సందేశాలు పంపేసింది.

దవడ పన్ను పెద్దాయన ఇంకా నోరు తెరవకముందే ఒక రిటైర్డ్ టీచరమ్మ వచ్చింది. ఆవిడ రాసింది "వచ్చే మంగళవారం" అని. ఆవిడ వెనకే చుక్కలు పెట్టి తేదీ రాసిన బస్సు డ్రైవరు, అతని వెనక "పరీక్షలయ్యాక" అని రాసిన కాలేజీ పిల్ల, ఆ పిల్లకు ధైర్యం చెప్పడానికి ఇంటిల్లిపాదీ వచ్చారు. పిలిచాక రాకపోతే బాగుండదని వచ్చామన్నారు. కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు.

బుజ్జి కంగారుపడలేదు. పొరపాటు జరిగింది, వీలైన తేదీ మళ్లీ పంపండని అందరికీ సందేశం పెట్టి ఇళ్లకు సాగనంపాడు. వాళ్లూ ఓపిగ్గా పంపారు. రేపన్నవాళ్లు కొందరు, ఎప్పుడైనా సరేనన్నవాళ్లు కొందరు, మీ ఇష్టం బాబూ అన్నవాళ్లు మరికొందరు. ప్రోగ్రాంకు ఒక్క ముక్కా అర్థం కాక, అందరినీ మళ్లీ ఈరోజే రమ్మంది. సగం దారి వెళ్లినవాళ్లు వెనక్కి తిరిగారు. రెండోసారి కూడా పిలిచారంటే తన పళ్లకేదో పెద్ద ముప్పే వచ్చిందని డ్రైవరు నీరుగారిపోయాడు.

పెద్దాయన పన్ను పీకేసి, అక్క చేతి తొడుగులు విప్పుతూ బయటికొచ్చింది. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేదని బుజ్జికి అనిపించింది.

"వీళ్లందర్నీ ఈరోజే ఎవడు రమ్మన్నాడ్రా?"

"ప్రోగ్రామే అక్కా. తేదీ అర్థం కాకపోతే ఈరోజు అనుకోమన్నాను."

"అర్థం కాకపోతే అడగాలి గానీ అనుకోవడమేంట్రా? రేపట్నుంచి మీ బావ దగ్గరికెళ్లు."

అంతలో ఆ బావే ఫోను పైకెత్తి పట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ లోపలికొచ్చాడు. మొహం నిండా ఆనందం, ఎడమ బుగ్గ నిండా వాపు. అక్కడి పన్ను ఏడాదిగా ఆయన్ని నిద్రపోనివ్వడం లేదు. భార్య పళ్ల డాక్టరే అయినా చూడనివ్వడు. అందరిలాగే తేదీ పంపాను, ఆ రోజు వస్తానులే అని వారంగా ఆవిణ్ణి నమ్మిస్తున్నాడు.

"నీ తమ్ముడి తెలివి చూడు" అన్నాడు అందరికీ వినపడేలా. "నేను ఫిబ్రవరి ముప్పై అని పంపితే, ఈరోజు రమ్మంటోంది."

అక్క కొత్త తొడుగులు తీసుకుంది.

"ఏ తేదీ పంపారండీ మీరు?"

తానేం వాగాడో బావకు అప్పటికి గానీ తట్టలేదు. టీచరమ్మ లేచి ఆయనకు దారిచ్చింది. డ్రైవరు తన వంతు సంతోషంగా వదులుకున్నాడు. బావ వెనక్కి పోదామంటే గుమ్మంలో కాలేజీ పిల్ల ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు.

బావను కూర్చోబెట్టిన కుర్చీ వెనక్కి వాలుస్తూ అక్క తమ్ముణ్ణి పిలిచింది. ఏడాదిగా తన వల్ల కాని పని వీడి తప్పు చేసిపెట్టిందని ఆవిడకు నవ్వు ఆగడం లేదు.

"ఆ లైను మార్చి, అర్థం కాకపోతే అడగమని రాయి. రేపు పొద్దున్నే వచ్చి నీ కుర్చీలో కూర్చో."

బుజ్జికి కళ్లనీళ్లు తిరిగినంత పనైంది. దీనికి బావ గట్టిగానే అభ్యంతరం చెప్పాడు గానీ, నోట్లో అద్దం ఉండటంతో అందరూ సరేనన్నాడనుకున్నారు.