పదివేల ఏడు గుండీలు

పొద్దున్నే సరుకు సర్దేసి, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాలనుకున్నాడు గుండీల వ్యాపారి. యూనిఫారం కోట్లు కుట్టే కంపెనీకి పదివేల ఇత్తడి గుండీలు పంపాలి. ఆర్డరు తీసుకున్న రోజే ఫోనులో, "కొసరు లేకుండా మా సరుకు గడప దాటదండీ, ఇంకో ఏడు వేసుకోండి" అన్నాడు. కొసరు వేసిన చోటికే గిరాకీ తిరిగొస్తుందని ఆయన లెక్క. కంపెనీవాళ్ళు ఆ ఏడునూ ఆర్డరులో ఎక్కించేశారు.

ఆ కంపెనీకో పద్ధతి ఉంది. అన్ని పెట్టెల్లోనూ గుండీలు సమానంగా ఉండాలి. తనిఖీ అధికారి ఒక పెట్టె విప్పి లెక్కపెట్టి, ఎన్ని పెట్టెలుంటే అన్నిటితో హెచ్చవేసుకుంటాడు. ఒక్కటి తేడా వచ్చినా సరుకు వాపసు, ఏడాది ఆర్డరంతా ఎదురుగా ఉన్న కొట్టుకు పోతుంది.

పెట్టెకు వంద చొప్పున సర్దితే ఏడు మిగిలాయి. "కలిపింది ఏడు కదా, ఏడుతో పోతుంది" అని ధీమాగా ఏడేసి పంచాడు. నాలుగు మిగిలాయి. భార్య పదకొండేసి పంచింది. ఎనిమిది మిగిలాయి.

కాలేజీలో లెక్కలు చెప్పే కూతురు గదిలోంచి వచ్చి, కాగితం మీద కాసేపు గీకింది. "నాన్నా, ఇది ప్రధాన సంఖ్య. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదు."

"అంటే?"

"అన్నీ ఒకే పెట్టెలో పోయాలి. లేదా గుండీకో పెట్టె కొనాలి."

"ఇంకొక్కటి ఎక్కువ వేసుంటే?"

"పెట్టెకు డెబ్భై రెండు చొప్పున నూట ముప్పై తొమ్మిది పెట్టెలు. చక్కగా సరిపోయేది."

"ఆ ఒక్క గుండీ దగ్గరే వచ్చింది మీకు పిసినారితనం!" అంది భార్య.

చేసేది లేక వాషింగ్ మెషీన్ వచ్చిన అట్టపెట్టెలో అన్నీ పోసి ఎత్తారు. గడప దగ్గర అడుగు ఊడింది. గుండీలు మెట్లు దిగి వీధిన పడ్డాయి. ఇరుగుపొరుగు దోసిళ్ళతో ఏరి తెచ్చారు. మళ్ళీ లెక్కపెడితే సరిగ్గా పదివేల ఏడు.

"ఒక్కటన్నా పోలేదా తల్లీ?" అన్నాడు వ్యాపారి దిగాలుగా. సరుకు పోయిందని ఏడ్చిన వ్యాపారులున్నారు గానీ, పోలేదని ఏడ్చింది ఆయనొక్కడే.

అంతలో తనిఖీ అధికారి దిగాడు. నేల మీద గుట్ట చూసి, "ఏమయ్యా, ఇదేనా సర్దడం? ఆర్డరు రద్దు చేసి పారేస్తా!" అని చెయ్యెత్తి గర్జించాడు. ఆ ఊపుకు పొట్ట మీద కోటు గుండీ తెగి, ఎగిరి కాలవలో పడింది.

"అయ్యో, నిలబడండి అన్నయ్యగారూ" అంటూ వ్యాపారి భార్య గుట్టలోంచి ఒక గుండీ తీసి, చకచకా కుట్టేసింది. "మీ కంపెనీ గుండీయే కదా, అచ్చుగుద్దినట్టు సరిపోయింది" అంది.

కూతురు ఎగిరి గంతేసింది. "నాన్నా! ఇప్పుడు రెండుతో పోతుంది!"

వ్యాపారి నిటారుగా నిలబడ్డాడు. "అయ్యా, ఆ ఒక్కటి మీకు ముట్టినట్టే కదా?"

"ఒంటి మీదే ఉందిగా!" అన్నాడు అధికారి.

"అయితే రాసుకోండి. మీ పొట్ట మీద ఒకటి. మిగతావి రెండు పెట్టెలు, రెండూ సమానం."

అధికారి ఎంత వెతికినా తప్పు దొరకలేదు. అందరూ కలిసి గుట్టను రెండు పెట్టెల్లోకి సగం సగం సర్దారు. అసలు కంటే కొసరు ముద్దంటే ఇదేనేమో అనుకుంటూ వ్యాపారి ఆయనకు కుర్చీ వేశాడు. పద్ధతి పద్ధతే. ఒక పెట్టె విప్పి లెక్కపెట్టాలి.

అయిదువేల మూడు గుండీలున్న పెట్టెను అధికారి ముందుకు లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, "ఒకటి" అన్నాడు.