డీప్ సైకిల్

ఆ శనివారం ఉదయం పద్మనాభం వేసుకున్న పథకం చిన్నది. బ్యాటరీ కొనాలి, పై అధికారిని భోజనానికి తీసుకురావాలి, సోమవారానికి హైదరాబాదు బదిలీ సంపాదించాలి. అక్కడ ఖాళీ ఒకటే. సంతకం ఆ పై అధికారి ఈశ్వరప్రసాద్ గారిది.

పద్మనాభం కాపురముండే, ఢిల్లీ పక్కనున్న వైశాలిలో రోజూ సాయంత్రం ఏడింటికి కరెంటు పోతుంది. రైళ్ళకు లేని నియమం దానికుంది. "మా ఇంట్లో చీకటన్నది ఉండదు సార్, సోలారు" అని పద్మనాభం ఆఫీసులో కోతలు కోశాడు. మేడ మీద సోలారు పలక ఉన్న మాట నిజమే. దానికి తగిలించింది మాత్రం పాత లారీ బ్యాటరీ. పది నిమిషాలు వెలిగి కన్ను మూసేది.

ఘాజియాబాద్ దుకాణదారు దాని జబ్బు చెప్పాడు. "లారీ బ్యాటరీ ఒక్క తన్ను తన్ని పడుకుంటుంది సాబ్. సోలారుకి నెమ్మదిగా ఇచ్చేది, అడుగంటినా మళ్ళీ లేచేది కావాలి. డీప్ సైకిల్ బ్యాటరీ తీసుకోండి. మధ్యాహ్నం టెంపోలో పంపిస్తా. పాతది ఇచ్చెయ్యండి."

ఎదురుగా ఆ దుకాణదారు బావమరిది దీప్‌సింగ్ సైకిళ్ళు అమ్ముతాడు. పద్మనాభం అటు చూడలేదు. ఢిల్లీ వెళ్ళి అధికారిని వెంటబెట్టుకు రావాలన్న తొందరలో, బ్యాటరీ అన్న మాట మింగేసి, పక్కింటివాళ్ళ నంబరుకి ఫోను చేశాడు. పక్కింటి ఆంటీ గోడ మీంచి అతని భార్య సుభద్రకు కబురు అందించింది.

"దీప్ సైకిల్ ఆయేగీ. పురానీ దే దేనా."

సుభద్రకు కూరగాయల బజారుకు సరిపడా హిందీ వచ్చు. సైకిలు వస్తుంది, పాతది ఇచ్చెయ్యాలి. ఆ బజారుకు వెళ్ళడానికే లేడీస్ సైకిలు కొనమని రెండేళ్ళుగా అడుగుతోంది. మొగుడు ఇన్నాళ్ళకు కరిగాడనుకుని పాయసం కూడా పెట్టింది.

టెంపోవాడు నల్లపెట్టె దించాడు. "దీప్ సైకిల్."

"యే నహీ! సైకిల్!" అని రెండు చక్రాలు గాలిలో గీసి చూపించింది సుభద్ర.

వాడు వాదించలేదు. తెమ్మన్నారు కనక పాత బ్యాటరీ ఎక్కించుకున్నాడు. వద్దన్నారు కనక కొత్తదీ ఎక్కించుకున్నాడు. దుకాణదారు సంగతి విని బుర్ర గోక్కుని, ఎదురు దుకాణానికి కేకేశాడు. నాలుగింటికి అదే టెంపోలో నీలం లేడీస్ సైకిలు దిగింది. బుట్ట, బెల్లు, తొక్కితే వెలిగే డైనమో దీపం. పద్మనాభం బస్‌స్టాపుకి తొక్కే పాత సైకిలు అదే టెంపో ఎక్కింది. సుభద్ర కొత్తదానికి బొట్టు పెట్టి, బాల్కనీలో స్టాండు వేసింది.

ఏడుకు పది నిమిషాల ముందు అధికారితో పద్మనాభం వచ్చాడు. ఏడింటికి కరెంటు పోయింది.

"ఏమయ్యా, ఏదీ నీ సోలారు?" చీకట్లోంచి ఈశ్వరప్రసాద్ గొంతు.

"ఒక్క నిమిషం సార్." బాల్కనీలోకి పరుగెత్తాడు. మోకాలికి పెడలు తగిలింది. "బ్యాటరీ ఏదే?"

"బ్యాటరీ ఏమిటండీ? సైకిలని కబురు పెట్టారుగా! బెల్లు కొట్టి చూడండి, ఎంత బాగుందో."

తిట్టడానికి వ్యవధి లేదు. పద్మనాభం దీపాన్ని కిటికీ వైపు తిప్పి, కర్టెను జరిపి, సైకిలెక్కాడు. గదిలో పసుపుపచ్చ వెలుగు పడింది.

"శభాష్!" అన్నాడు ఈశ్వరప్రసాద్. "పద్మనాభం రాడేమమ్మా?"

"బ్యాటరీ దగ్గరున్నారండి. మీరు కానివ్వండి."

అన్నంలోకి వచ్చేసరికి వెలుగు సన్నగిల్లింది. సుభద్ర కిటికీ దగ్గరికి వచ్చింది. "ఏవండీ, సారుకి పులుసులో ముక్కలు కనపడ్డం లేదట."

వెలుగు పెరిగింది. పాయసం దాకా నిలిచింది. చెయ్యి కడుక్కోవడానికి బాల్కనీలోకి వచ్చిన ఈశ్వరప్రసాద్ అక్కడే ఆగిపోయాడు. డిసెంబరు చలిలో చొక్కా తడిసిన మనిషి, బుట్ట ఉన్న సైకిలు మీద, ఎక్కడికీ పోకుండా తొక్కుతున్నాడు.

"ఇదేమిటయ్యా?"

"డీప్... సైకిల్... సార్."

ఈశ్వరప్రసాద్ చెయ్యి కడుక్కున్నాడు. "కరెంటు లేనిచోట కూడా వెలుగు తెప్పించే మనిషివి. నీకు తగిన చోటు నా దృష్టిలో ఉంది."

ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలు హైదరాబాదులో అద్దె ఇంటి గురించి మాట్లాడుకున్నారు. సోమవారం ఆర్డరు వచ్చింది. రాజస్థాన్ ఎడారిలో జైసల్మేర్ అవతల, కరెంటు ఇంకా చేరని కొత్త సోలార్ కేంద్రానికి.

సుభద్ర సామాను జాబితాలో మొట్టమొదట సైకిలు రాసింది. ఇసుకలో సైకిలు నడవదని పద్మనాభం ఇంకా చెప్పలేదు.