ఉంగరంలో సూర్యప్రభ

ఆ గురువారం ఉదయం విశ్వేశ్వరరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర కాబోయే కోడలి చేతి నుంచి నిశ్చితార్థపు ఉంగరం తీసుకోవాలి. దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి, చేసినవాళ్ళ చేతనే అందులో రాయి బిగింపించాలి. భోజనం వేళకు తన ఫ్లాటుకు వచ్చెయ్యాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ వాసంతి ఉంగరం పట్టుకెళుతుంది. వాసంతి తల్లి కొమురమ్మకు మాత్రం ఈ సంగతి తెలియకూడదు.

"మామా, చెవి దగ్గర వెట్టుకోండి. ఇనవడ్తుందా?" అంది వాసంతి, ఉంగరాన్ని ఆయన చెవి దగ్గర ఆడిస్తూ.

టిక్, టిక్ మని సన్నగా వినిపించింది. గోడలో ఎక్కడో బల్లి గొంతు సవరించుకుంటున్నట్టుగా ఉంది.

"మొన్నటి సంది గిట్లనే. పైనున్న కొక్కెం లేచింది, ఏది ముట్టుకుంటే దాన్ని పట్టుకుంటున్నది. చున్నీలు రెండు ఖరాబైనయి. రాయి ఊడిందనుకో, మా అమ్మ వజ్రం పడలేదంటది. పెండ్లి గూడ వద్దంటది. మీకెరుక కదా."

విశ్వేశ్వరరావుకు బాగా ఎరుకే. వజ్రం అందరికీ పడదని కొమురమ్మ నమ్మకం. నిశ్చితార్థానికి ముందు ఆ ఉంగరాన్ని తన దిండు కింద పెట్టుకుని పడుకుని మరీ పరీక్షించింది. పీడకలలు రాలేదు కానీ మెడ పట్టేసింది. ఆ తప్పు దిండుదేనని భర్త బిక్షపతి ఒప్పించబట్టి తాంబూలాలు పుచ్చుకున్నారు.

నిజానికి తప్పు రాయిదీ కాదు, దిండుదీ కాదు. ఆ రాయి విశ్వేశ్వరరావు భార్య సూర్యప్రభ ముక్కుపుడకలోది. ఆవిడ పోయాక బీరువాలో కుంకుమ భరిణెలో ఉండిపోయింది. కొడుకు అభిరామ్, "అమ్మ రాయే పెట్టిద్దాం నాన్నా" అన్నప్పుడు విశ్వేశ్వరరావు చాలాసేపు కిటికీలోంచి బయటకు చూసి, సరేనన్నాడు. పాతకాలపు రాయి, అడుగు లావు. దాన్ని ఈకాలపు సన్నటి కొక్కేల మధ్య ముహూర్తం తొందరలో ఇరికించారు. అది అందులో కూర్చోలేదు, ఏదో మొహమాటానికి నిలబడింది.

"సాయంత్రానికి రాయిలా ఉంటుందమ్మా, నువ్వు నిశ్చింతగా వెళ్ళు," అన్నాడాయన. ఆకాశం అప్పటికే మసిబట్టలా ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో నగల కొట్టు తెరిచే ఉంది. కౌంటరు దగ్గరి అమ్మాయి ఉంగరాన్ని భూతద్దంలో చూసి, నాలుక కరుచుకుని, వెనక్కి ఇచ్చేసింది.

"ఇయ్యాల అమాస సార్. రాళ్ళు కూర్చెటోళ్ళు పని ముట్టరు. రేపు రండి."

విశ్వేశ్వరరావు తెనాలి నుంచి వచ్చి ఈ ఊళ్ళోనే కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. ఇక్కడ అమావాస్యనాడు తాపీలు, రంపాలు, పట్టకార్లు సెలవు తీసుకుంటాయన్న సంగతి ఆయన సిలబస్‌లో లేదు.

"కాస్త నొక్కితే చాలమ్మా. మీరే నొక్కెయ్యండి."

"నేను నొక్కుత. రాయి ఎగిరి ఏడవడ్డదో మీరు దేవులాడుకుంటరా?"

ఆయన ఉంగరాన్ని అరచేతిలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆ అమ్మాయికి జాలేసింది.

"జేబుల ఏసుకోకుండ్రి సార్, ఊగి ఊడుతది. ఏలికే పెట్టుకోని, చెయ్యి జర పైకి పట్టుకోని పోండ్రి."

ఉంగరం ఆయన చిటికెన వేలికే పట్టింది. మెట్రోలో ఆయన చిటికెన వేలు పైకెత్తి, దానివంకే దీక్షగా చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఒక కుర్రాడు లేచి సీటు ఇచ్చి, చెవి దగ్గరకు వంగి, "అంకుల్, నెక్స్ట్ స్టేషన్‌ల దిగండి. బాత్రూం ఉంటది" అన్నాడు. అర్థం కావడానికి ఒక స్టేషన్ పట్టింది. అయినా ఈ రోజుల్లో ముసలివాడి అవసరాన్ని కనిపెట్టేవాళ్ళు ఉన్నారని విశ్వేశ్వరరావుకు లోలోపల సంతోషమే వేసింది.

తలుపు తీసి ఇంట్లో అడుగు పెట్టగానే కరెంటు పోయింది. ఇన్వర్టరు ఎండాకాలంలోనే ప్రాణం విడిచింది. మబ్బుకు తోడు కిటికీలన్నీ మూసి ఉండటంతో పట్టపగలు ముందుగది నూతి అడుగులా ఉంది. ఆ చీకట్లో గోడమీద సూర్యప్రభ ఫొటో ఒక్కటే తెల్లగా కనిపిస్తోంది. ఫొటోలో ఆవిడ ముక్కున పుడక ఉంది.

ఆ ఫొటోకు పట్టునూలు దండ కొమురమ్మ వేసింది. వాళ్ళు పోచంపల్లి నేతవాళ్ళు. ఇప్పుడు కర్మన్‌ఘాట్‌లో చీరల దుకాణం. నిశ్చితార్థం నాడు, "పూలు వాడిపోతయి అన్నా, పట్టు వాడది" అంటూ నూలు చిలపను, అంటే పోగుల కట్టను, దండగా చుట్టి తెచ్చి తన చేత్తో ఫొటోకు కట్టింది. విశ్వేశ్వరరావుకు ఆ మాట ఇప్పటికీ గుర్తే.

బయటి నుంచి రాగానే జరిగినదంతా సూర్యప్రభకు చెప్పడం ఆయనకు అలవాటు. ఆవిడ ఉన్నప్పుడూ అంతే. ఇప్పుడు మధ్యలో అడ్డు రావడం లేదు, అంతే తేడా. "చూశావా నీ రాయి నన్ను ఎలా ఆడిస్తోందో," అంటూ ఉంగరం వేలిని ఫొటోకు దగ్గరగా ఎత్తి చూపించాడు.

టిక్, అంది రాయి.

దండ దగ్గర ఏదో ఆయన వేలిని పట్టుకుంది. సుతారంగా, ఆగమన్నట్టుగా. ఆయన ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేలు వచ్చింది కానీ టిక్కు టిక్కుమనడం ఆగిపోయింది. చెయ్యి ఆడించి చూశాడు. చప్పుడు లేదు. ఇల్లంతా ఒక్కసారిగా చెవులు రిక్కించినట్టయింది.

అప్పుడు ఎవరో తలుపు తట్టారు.

"అన్నా! ఉన్నవా? లిఫ్టు బందున్నది, పానం పోయిందనుకో ఎక్కేసరికి!" కొమురమ్మ గొంతు.

విశ్వేశ్వరరావు చప్పున చేతిని లాల్చీ జేబులోకి తోసేసి, ఎడమ చేత్తో తలుపు తీశాడు. కొమురమ్మ, వెనకాల బిక్షపతి. కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి పోయి, దారే కదా అని ప్రసాదం ఇచ్చిపోదామని వచ్చారు. బిక్షపతి సోఫాలో కూలబడి కండువాతో మొహం తుడుచుకున్నాడు. విశ్వేశ్వరరావు ఫొటో ఉన్న గోడ పక్కనే పేము కుర్చీలో కూర్చున్నాడు. ప్రసాదం కూడా ఎడమ చేత్తోనే అందుకున్నాడు.

"కుడిచెయ్యికేమైంది బావా?" అన్నాడు బిక్షపతి.

"కొంచెం... తిమ్మిరండీ బావగారూ."

జేబులోపల ఆయన బొటనవేలితో ఉంగరాన్ని తడిమాడు. కొక్కేలు తగిలాయి. కొక్కేల మధ్య గుంట తగిలింది. గుంటలో ఏమీ తగలలేదు.

రాయి జేబులోనే పడి ఉంటుందన్న ఆశతో లోపల వేళ్ళను అటూ ఇటూ పోనిచ్చి వెతకడం మొదలుపెట్టాడు.

"వదినె ఉంటే ఈ పెండ్లికి ఎంత సంబురపడేదో," అంది కొమురమ్మ నిట్టూరుస్తూ, ఫొటో వైపు చూసి.

గోడమీద సూర్యప్రభ మెల్లగా ఎడమకు తిరిగింది. మళ్ళీ కుడికి తిరిగింది. మళ్ళీ ఎడమకు.

కొమురమ్మ నోరు తెరిచింది. మూయలేదు.

"గాలే," అన్నాడు బిక్షపతి.

"గాలేడిది? కిటికీలన్ని ఏసున్నయి. కరెంటే లేకపాయె, ఫ్యానేడ తిరుగుతది? అన్నా, నువ్వు చూసినవా?"

విశ్వేశ్వరరావు చూశాడు. చూసి, జేబులో మరింత గట్టిగా వెతికాడు. ఫొటో మరింత గట్టిగా అడ్డంగా ఊగింది.

"మీ వదినకు వాసంతి అంటే..." అని ఏదో చెప్పబోయాడు. ఫొటో కాదన్నట్టు ఊగింది. "అంటే, ఆవిడ ఉండి ఉంటే తప్పకుండా..." మళ్ళీ కాదంది. కొమురమ్మ లేచి నిలబడి, చేతులు జోడించింది. ఆమె గొంతు పూర్తిగా మారిపోయింది.

"వదినె, సక్కగ అడుగుతున్న. ఈ పెండ్లి నీకిష్టమేనా?"

ఆ మాటకు విశ్వేశ్వరరావు చెయ్యి జేబులోపల భయంతో గిలగిలలాడింది. సూర్యప్రభ అంత ఖచ్చితంగా తల అడ్డంగా ఊపడం ఆయన ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ చూడలేదు.

కొమురమ్మ ఫోను తీసింది. "వాసంతీ, ఇంటికి రా బిడ్డా. పెండ్లి వద్దంటున్నది."

"ఎవరే?"

"మీ అత్త."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది. తరువాత వాసంతి జాగ్రత్తగా, "అమ్మా, నాయిన పక్కనున్నడా? ఒక్కసారి ఫోనియ్యి" అంది.

బిక్షపతి ఫోను చెవిన పెట్టుకుని, "నేను గూడ చూసిన బిడ్డా" అన్నాడు. ఇక ఇంట్లో గాలి మాట ఎత్తేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

విశ్వేశ్వరరావుకు రెండు దిగుళ్ళు పట్టుకున్నాయి. పెళ్ళి ఆగిపోతుందన్న దిగులొకటి. ప్రభకు ఏదో నచ్చలేదన్న దిగులు అంతకన్నా పెద్దది. ఆవిడ వస్తువు తీసి ఇంకొకరికి ఇచ్చాను, అడగలేదు. కాఫీ పొడి మార్చాలన్నా అడిగేవాణ్ణి, దీనికి అడగలేదు.

కొమురమ్మ కళ్ళనీళ్ళతో ఫొటో దగ్గరకు వెళ్ళింది. వీపు ఇటు తిప్పి, అద్దం మీదికి వంగి, కొంగుతో తుడిచింది. దండ సర్దింది. "కోపం చేసుకోకు వదినె, నీకు నచ్చనిది మేం చెయ్యం" అని గొణిగింది. విశ్వేశ్వరరావు తానూ దండం పెడదామని, దాచిన సంగతే మరిచిపోయి జేబులోంచి చెయ్యి తీశాడు.

సరిగ్గా అప్పుడే మబ్బు ఎక్కడో చిరిగి కిటికీ అద్దం మీద కాస్త వెలుగు పడింది. ఆ వెలుగులో ఆయన చిటికెన వేలి నుంచి వెంట్రుక కన్నా సన్నటి గీత ఒకటి మెరిసింది. ఉంగరపు కొక్కేనికి పట్టుపోగు చిక్కుకుని ఉంది. అది కుర్చీ చేతి మీదుగా, గోడ వారగా, ఫొటో వైపు పోతోంది.

విశ్వేశ్వరరావు ఆ పోగును చూశాడు. తన వేలిని చూశాడు. ఇంతసేపూ ప్రభ చేత తల అడ్డంగా ఊపించింది ఎవరో ఆయనకు అర్థమైంది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చివరికి దగ్గొచ్చింది. ఉన్నమాట చెప్పేద్దామనుకున్నాడు. చెబితే ఉంగరం బయటపడుతుంది, ఖాళీ గుంట బయటపడుతుంది, వజ్రం పడలేదన్న మాట మళ్ళీ మొదటికొస్తుంది. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు. కానీ పోగును కింది నుంచి మెల్లగా లాగితే ఫొటో ముందుకు వంగుతుందన్నది అబద్ధం కాదు, భౌతికశాస్త్రం.

"చెల్లెమ్మా, ఇలా వచ్చి కూర్చోండి," అన్నాడు. "ఆవిడకు మీ యాస కొత్త. నేను అడుగుతాను."

కొమురమ్మ వచ్చి కింద చాప మీద కూర్చుంది. ఆయన చేతిని మోకాలి పక్కకు దించి, గొంతు సవరించుకున్నాడు. ఏదో నాటకంలా నాలుగు మాటలు అందామనుకున్నాడు కానీ ఫొటో వైపు చూడగానే నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి.

"ప్రభా, నిన్ను అడక్కుండా నీ రాయి తీశాను. తప్పే. మన అబ్బాయి ఆ పిల్ల పక్కనుంటే నవ్వుతున్నాడు. నువ్వు వెళ్ళాక వాడు నవ్వడం నేను చూడలేదు. అందుకని తీశాను. ఇవ్వమంటావా?"

చిటికెన వేలితో పోగును సుతారంగా కిందికి లాగాడు.

సూర్యప్రభ ఫొటో పైభాగం గోడను విడిచి మెల్లగా ముందుకు వంగింది. ఒక క్షణం ఆగింది. వెనక్కి వెళ్ళి గోడకు ఆనుకుంది. ఇంకోసారి వంగింది. దండలోంచి ఏదో రాలి, నేలమీద టిక్కుమని, మరోసారి టిక్కుమని, దొర్లుకుంటూ వచ్చి కొమురమ్మ చీర అంచు దగ్గర ఆగి మెరిసింది.

"రాయి!" అంది కొమురమ్మ, ఊపిరి తీసుకోకుండా.

ఇక దాచి లాభం లేదని విశ్వేశ్వరరావు ఖాళీ ఉంగరం చూపించాడు. "బిగింపు సరిగా లేదు చెల్లెమ్మా, వాసంతి పొద్దున..." అంటుంటే ఆమె వినిపించుకోనేలేదు. రాయిని కళ్ళకద్దుకుంది.

"పడకపోవుడు కాదు, ఏం కాదు. వదినె తన రాయి తనే తీసుకోని, మళ్ళ తన చేత్తోనే ఇచ్చింది. అడిగి తీసుకోవాలె కదన్నా ఆడిదాని సొమ్ము! గంతకే అలిగింది." ఫోను తీసి, "వాసంతీ, రాకు బిడ్డా, పని చేసుకో. మీ అత్త ఒప్పుకున్నది" అని పెట్టేసింది. అవతల వాసంతి ఏమనుకుందో ఎవరికీ తెలియలేదు.

బిక్షపతి ముందుగా బయటకు నడిచాడు. కొమురమ్మ రాయిని కొంగున ముడివేసుకుని, రేపు తానే దగ్గరుండి గట్టిగా పెట్టిస్తానని చెప్పి, చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"అన్నా, దండల ఒక పోగు జారింది. ఎక్కడిదాంక పోయిందో చీకట్ల కానరాలే. ఇందాక అద్దం తుడిచేటప్పుడు ఫొటో కాడ్నే పండ్లతోని కొరికేసిన. మళ్ళ ఎవ్వరు గుంజకుండ్రి, దండంత ఇప్పుకుంటది."

"ఇందాక అంటే... నేను అడగక ముందా?"

"ముందే. వదులు పోగు కండ్లవడ్డంక ఊకె ఎట్లుంట?"

విశ్వేశ్వరరావు వేలికి చిక్కిన పోగును మెల్లగా లాగాడు. అది ఏ అడ్డూ లేకుండా, గోడ వారగా నేలమీద జారుతూ, మొత్తం ఆయన దగ్గరికే వచ్చేసింది. రెండో చివర ఇంకా కాస్త తడిగా ఉంది. ఆయన ఫొటో వైపు చూడలేదు. కాసేపు తలెత్తి పైన ఫ్యాను వంక చూసి, బహుశా దాని గాలే అయి ఉంటుందని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

"పా కొమురా, మెట్లే దిగాలె," అన్నాడు బయటి నుంచి బిక్షపతి. "కరెంటు ఇంక రానేలేదు."