ఒత్తు లేని గడియ

"ప్రజాస్వామ్యం ఇకమీదట పుస్తకాల్లో ఉండదు" అని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఆ ఏడాది పుస్తకాలు ఇంకా అచ్చే కాలేదు కాబట్టి ఈ మాటను ఎవరూ కాదనలేకపోయారు. ఏ బడి పిల్లలైనా సరే, తమకు కావలసినదేదో ఒకటి అడగవచ్చు. మంత్రిగారు స్వయంగా వచ్చి వేదికమీదే మంజూరు చేస్తారు. పథకం పేరు 'అడుగు - అందుకో'.

పౌరశాస్త్రం మాస్టారికి ఆనందంతో కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆయన ఎన్నేళ్ళుగానో ప్రభుత్వం గురించి పాఠం చెబుతున్నారు గాని, ప్రభుత్వం ఆయన దగ్గరికి రావడం ఇదే మొదలు. ఆఖరి తరగతిలోంచి లాయరమ్మను పిలిచి విన్నపం రాయమన్నారు. ప్రతిదానికీ "ఎందుకు సార్?" అంటుందని క్లాసు ఆ పిల్లకు పెట్టిన పేరది. పౌరశాస్త్రంలో చెప్పినదంతా నిజమని నమ్మే మనిషి మాస్టారు కాక బడి మొత్తానికి ఆమె ఒక్కతే.

ఏం అడగాలా అని లాయరమ్మ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకపోయింది. అదే బడిలో ఆరో తరగతి చదివే ఆమె చెల్లి, కొన్నాళ్ళుగా బడి మానేసి ఇంట్లో ముసుగుతన్ని పడుకుంటోంది. బాలికల మరుగుదొడ్డి తలుపుకి లోపల గొళ్ళెం లేదు. ఒకరు వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఒకనాడు చెల్లి లోపల ఉండగా, పట్టుకున్న పిల్ల బెల్లు మోగగానే క్లాసుకి పరుగెత్తింది. తలుపు బార్లా తెరుచుకుంది. ఎదురుగా మైదానంలో మగపిల్లల ఆటల పీరియడు నడుస్తోంది. పాపం, చెల్లి సిగ్గుతో చచ్చిపోయింది. "గొళ్ళెం పెట్టించాకే వస్తా" అని మొండికేసింది. అమ్మ బుజ్జగించింది, తిట్టింది, చివరికి తనూ కూర్చుని ఏడ్చింది. మేనమామ వచ్చి బిగిస్తానంటే హెడ్మాస్టరుగారు ససేమిరా అన్నారు. అది సర్కారు తలుపు. అనుమతి లేకుండా మేకు కొడితే ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినట్టట.

"మాస్టారూ, గొళ్ళెం అడుగుతాను" అంది లాయరమ్మ.

మాస్టారి ముఖం చిన్నబోయింది. "గొళ్ళెమా? మంత్రిగారి నోట గొళ్ళెం అనిపిస్తావా? మోటుగా లేదూ? గడియ అని రాయి. నిండుగా ఉంటుంది."

"మా పాఠశాలలోని బాలికల మరుగుదొడ్డికి ఒక గడియ మంజూరు చేయవలసిందిగా ప్రార్థన" అని ముత్యాల్లాంటి అక్షరాలతో విన్నపం వెళ్ళింది.

సభరోజున మంత్రిగారు దాన్ని పైకి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన మనసు అంత మెత్తన.

"ఏమడిగిందండీ ఈ చిట్టితల్లి? కంప్యూటర్లడిగిందా? బస్సడిగిందా? ఒక్క ఘడియ! ఇరవై నాలుగంటే ఇరవై నాలుగు నిమిషాలు! ఆడపిల్లలు మరుగుదొడ్డికి వెళ్ళడానికి ఆమాత్రం టైమివ్వని ప్రభుత్వమా మాది? ఒకటి కాదు, నేను రెండు ఘడియలు ఇస్తున్నాను! పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి!"

సభ చప్పట్లతో దద్దరిల్లింది. హెడ్మాస్టరుగారు లేచి నిలబడి మరీ కొట్టారు. లాయరమ్మ మైకు దగ్గరికి పరుగెత్తింది.

"సార్, గడియంటే టైము కాదండీ. తలుపుకి..."

"తలుపులా? మా ప్రభుత్వం తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయమ్మా!" అన్నారు మంత్రిగారు. మళ్ళీ చప్పట్లు.

సభ అయ్యాక ఆమె మంత్రిగారి భాషా సలహాదారుని కారు దగ్గర పట్టుకుంది. ఆయన చేతిలోని విన్నపంలో 'గ'ని ఎర్రసిరాతో దిద్ది 'ఘ' చేసి ఉంది.

"ఆఖరి తరగతికొచ్చావు, ఒత్తు ఘ రాదా తల్లీ? నేను చూశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే మంత్రిగారి పరువేం కాను?"

"నేను రాసింది తప్పు కాదండీ. గొళ్ళెం అడిగాను. ఆ ఒత్తు తీసెయ్యండి, చాలు."

"తీసెయ్యడమా! మంత్రిగారి నోట్లోంచి వచ్చేసిన ఒత్తమ్మా అది. తియ్యాలంటే కమిటీ వెయ్యాలి."

"ఎప్పుడు వేస్తారండీ?"

"దానికి నువ్వు విన్నపం పెట్టుకోవాలి. ఈసారైనా స్పెల్లింగు చూసి రాయి."

శాసన శాఖ, కార్యనిర్వాహక శాఖ, న్యాయ శాఖ అని ప్రభుత్వానికి మూడే శాఖలుంటాయని లాయరమ్మ ఇన్నాళ్ళూ బట్టీపట్టింది. ఒత్తుల శాఖ సంగతి ఏ పాఠంలోనూ లేదు. పౌరుడు అడగాలి, ప్రభుత్వం వినాలి అన్నది మాత్రం మొదటి పాఠంలోనే ఉంది. తను అడిగింది, వాళ్ళు విన్నారు, ఎవరి పని వాళ్ళు చేశారు. మాస్టారి మాట విని మంచి మాట వాడినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది. చెల్లికి ఏం చెప్పాలో తెలియక ఆ సాయంత్రం ఇంటికి చుట్టుతిరిగి వెళ్ళింది.

"నిరాశపడకు. ప్రజాస్వామ్యంలో ఏదీ వృథా పోదు" అన్నారు మాస్టారు మర్నాడు.

నిజంగానే పోలేదు. ఉత్తర్వు వెనకాలే వడ్రంగి వచ్చాడు. అతని సంచిలోంచి తళతళలాడే ఇత్తడి గడియ బయటపడింది. లాయరమ్మ క్లాసు ఎగ్గొట్టి ఇంటికి పరుగెత్తింది.

"లేవే! గొళ్ళెం వచ్చింది! ఒట్టు, నా కళ్ళతో చూశాను!"

చెల్లి చెంగున లేచింది. జడలు వేయించుకుని, దారంతా గెంతుతూ, ఇక భయం లేదు కదా అని సీసాడు నీళ్ళు గటగటా తాగేసింది.

వాళ్ళు వెళ్ళేసరికి బిగించడం అయిపోయింది. గడియ తలుపుకి బయట ఉంది. దానికో తాళం కూడా ఉంది.

"ఇది లోపల కదా ఉండాలి?" అంది లాయరమ్మ.

"రెండు ఘడియలే తెరిచి ఉంచాలని ఆర్డరమ్మా" అన్నాడు వడ్రంగి. "మిగతా టైములో ఎవరూ వెళ్ళకుండా మూసెయ్యాలా వద్దా? లోపల పెడితే మూసేదెవరు? పొద్దుటిది ఇప్పుడే అయిపోయింది."

మంత్రిగారి ఆఫీసు నుంచి ఫొటోగ్రాఫరు వచ్చి ఉన్నాడు. పౌరశాస్త్రం మాస్టారు గర్వంగా అక్కచెల్లెళ్ళిద్దరినీ తలుపు ముందు నిలబెట్టారు. గడియ బాగా కనబడాలని ఫొటోగ్రాఫరు తాళం వేయించాడు.

"నవ్వాలి, నవ్వాలి."

చెల్లి అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. మోకాళ్ళు రెండూ దగ్గరికి నొక్కిపెట్టుకుంది.

"తొందరగా తియ్యండి సార్" అంది.

"తీస్తున్నానమ్మా, తీస్తున్నా" అన్నాడు ఫొటోగ్రాఫరు. "కదలకు. ఇంకొక్కటి."